అప్‌డేట్: సెల్ఫ్ నొక్కితే టిక్‌టిక్ - చివరికి బ్యాటరీయే

పొద్దున బండి సెల్ఫ్ నొక్కితే రిలే (స్టార్టర్ మోటార్‌కి కరెంట్ పంపే స్విచ్) టిక్‌టిక్‌మంటోంది తప్ప ఇంజన్ తిరగట్లేదు, కిక్ కొడితే స్టార్ట్ అవుతోంది అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. "కొత్త బ్యాటరీ కొనేముందు మల్టీమీటర్ పెట్టి వోల్టేజీ చూడండి" అన్నదే పనికొచ్చింది.

నాలుగేళ్ల 5 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే కెపాసిటీ) బ్యాటరీ. 0.5 ఆంపియర్‌తో రాత్రంతా ఛార్జ్ చేసి, తీసి కొన్ని గంటలు వదిలేశాక 12.6 వోల్టులు. నిక్షేపంలా ఉందనిపిస్తుంది. సెల్ఫ్ నొక్కగానే మాత్రం 7.9కి పడిపోయింది. 9.6 కిందకి దిగితే అనుమానించాల్సిందే. మెకానిక్ లోడ్ టెస్టర్ (బ్యాటరీ మీద భారం వేసి చూసే పరికరం) పెట్టినా అదే తేలింది: ప్లేట్లకి సల్ఫేట్ పట్టి లోపల రెసిస్టెన్స్ పెరిగిపోయింది. ఒట్టి వోల్టేజీ చూసి నమ్మొద్దు.

బ్యాటరీకి వెళ్లే ఛార్జింగ్ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ తప్పేం లేదు, 4000 ఆర్‌పీఎం దగ్గర 14.2 వస్తోంది. బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ నుంచి పోయే లీకేజీ కరెంట్ కూడా 1 మిల్లీ ఆంపియర్ లోపే. నెగెటివ్ టెర్మినల్‌కి తెల్లగా పొడి పట్టి ఉంటే వంటసోడా నీళ్లతో కడిగి బిగించాను, తేడా రాలేదు.

కొత్త బ్యాటరీ పెట్టాక సెల్ఫ్ నొక్కినప్పుడు 10.7 వోల్టులు. బ్యాటరీ విప్పేటప్పుడు నెగెటివ్ ముందు తీయాలి, బిగించేటప్పుడు చివర పెట్టాలి. అలా చేస్తే పాజిటివ్ దగ్గర పనిచేసేటప్పుడు స్పానర్ ఫ్రేమ్‌కి తగిలినా షార్ట్ అవదు.