నడుంలో స్టెరాయిడ్ సూది: షుగరున్నవాళ్ళకి వేయించొచ్చా?

జీడితోట (కంచిలి):
మా నాన్నకి 58 ఏళ్ళు. ఎడమ పిర్ర నుంచి కాలి బయటివైపుగా బొటనవేలి దాకా కరెంటు కొట్టినట్టు లాగుతోంది, ఏడు వారాలైంది. నడుం అడుగున ఎల్4-ఎల్5 ఎముకల మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కుతోందని ఎమ్మారైలో వచ్చింది. షుగరుంది, కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.6. వెన్నులో స్టెరాయిడ్ సూది వేద్దామంటున్నారు. ఊళ్ళో ఆరెంపీ గారు నడ్డికి వేసేదీ స్టెరాయిడే కదా, తేడా ఏటి? శ్రీకాకుళంలో వేయించాలా, విశాఖ పట్టుకెళ్ళాలా?

నాగావళి:
తేడా మందులో కన్నా అది చేరే చోటులో ఉందండి. నడ్డికి వేసింది ఒళ్ళంతా పాకుతుంది. ఇది వాచిన నరం వేరు పక్కనే పడాలి, చేతి అంచనాతో ఆ జాగా దొరకదు. బోర్లా పడుకోబెట్టి, చర్మానికి మత్తిచ్చి, సి-ఆర్మ్ ఎక్స్‌రేలో చూస్తూ సూది దించుతారు. ముందు ఒకటి రెండు మి.లీ. డై (ఎక్స్‌రేలో కనిపించే మందు) వేస్తారు. అది నరం వెంబడి పాకితే చోటు సరైనదే. వేసిన క్షణంలోనే మాయమైతే సూది రక్తనాళంలో ఉన్నట్టు, అప్పుడు మందు వెయ్యకూడదు. కాబట్టి ఏ ఊరని కాదు, సి-ఆర్మ్ మీద వేస్తారా, డై వాడతారా అని అడగండి.

మొదటి రెండు మూడు రోజుల్లో నొప్పి తగ్గలేదని కంగారొద్దు, వారం పట్టొచ్చు. పనిచేస్తే కొన్ని వారాల నుంచి మూడు నెలలు. జారిన డిస్కుని ఇది వెనక్కి నెట్టదు. డిస్కు తనంతట తాను కుంచించుకునేదాకా వాపు తగ్గించి ఉంచుతుంది, అంతే. కాలు లాగకుండా ఉత్త నడుం పట్టేసినవాళ్ళకి దీంతో పెద్దగా ఒరగదు.

చంపావతి:
షుగరు సంగతి తేలిగ్గా తీసుకోకండి. సూది పడిన రోజు నుంచి వారం దాకా ఎగరొచ్చు. ఇంట్లో మిషనుతో రోజుకి మూడు నాలుగుసార్లు చూడాలి, మాత్రలో ఇన్సులినో ఎంత పెంచాలో ముందే రాయించుకోవాలి. రక్తం పలచబడే మందులుంటే చెప్పండి. క్లోపిడోగ్రెల్ 7 రోజుల ముందు ఆపమంటారు, కానీ గుండె డాక్టరు సరేనంటేనే.

అసలు భయం ఆరెంపీ సూదితోనే. అందులో డెక్సా (డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్)తో పాటు డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కలిపేస్తుంటారు. కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో, అదీ 1.6 ఉన్న మనిషికి, అది పడకూడదు. ఆ రకం నొప్పి బిళ్ళలూ అంతే.

జీడితోట:
మా మావయ్యకి మెడ నుంచి చెయ్యి లాగుతోంది. అక్కడా ఇదే సూదా?

నాగావళి:
మెడ వేరండి. పక్కనుంచి వేసేటప్పుడు సన్నటి పలుకులుండే ట్రయామ్‌సినలోన్ లాంటి మందు, వెన్నుపాముకో మెదడుకో పోయే ధమనిలో పడితే పక్షవాతం రావచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో వెన్నులో వేసే స్టెరాయిడ్ సూదుల మీద హెచ్చరిక ఇచ్చింది. అందుకే పక్కనుంచైతే పలుకుల్లేని డెక్సామెథసోనే వాడాలి. వెనకనుంచైతే మెడ అడుగున, సి7-టి1 దగ్గర వేయడం మామూలు.

ఇంకోటి, నాన్నగారిని మడమ మీద నాలుగడుగులు నడవమనండి. పాదం పైకి లేవక చెప్పు జారిపోతుంటే, ఒంటేలు ఆగిపోయినా, కూర్చునే చోట మొద్దుబారినా, సూది కోసం ఆగకుండా ఆ రోజే వెన్ను సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళండి.