రెండు రోజులు ఆపితే చాలు బ్యాటరీ డౌన్, కొత్త బ్యాటరీయే, ఎక్కడ పోతుందో దొరకట్లేదు

ఖమ్మం_హ్యాచ్‌బ్యాక్:
అందరికీ నమస్తే. మాది ఆరేళ్ల పెట్రోల్ కారు. రోజూ తీస్తే ఏ ఇబ్బందీ లేదు. అమ్మకి సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్, తెల్లారి 5కి బయల్దేరాలి. బుధవారం, శుక్రవారం సెల్ఫ్ బరువుగా తిరిగి ఎలాగో అందుకుంటుంది, శని ఆదివారాలు ఆగి సోమవారం తీద్దామంటే మాత్రం టక్ టక్ మని చప్పుడు తప్ప ఇంకేం లేదు. పాత బ్యాటరీ పోయిందంటే 8 నెలల కింద కొత్తది వేయించా, 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్). ఇప్పుడు అదీ అంతే. షాపులో బ్యాటరీ బాగుందంటారు, మెకానిక్ ఏమో డైనమో బాగుందంటాడు, నేను ఛార్జింగ్ పెట్టించుకుని తిరుగుతున్నా. నిన్న పక్కింటాయన్ని 5 గంటలకి లేపి ఆయన కార్లో తీసుకెళ్లా. ఇలా ఎవరికైనా అయిందా, ఎక్కడ మొదలుపెట్టాలి?

గుంటూరు_డీజిల్:
ముందు ఒక మల్టీమీటర్ కొనండి సార్, మామూలుది చాలు. రాత్రంతా ఆపిన కారు, పొద్దున కీ తిప్పకముందే బ్యాటరీ మీద కొలవండి. ఫుల్‌గా ఉంటే 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది, 12.2 అంటే సగం అయిపోయినట్టే, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. తర్వాత ఇంజిన్ ఆన్ చేసి చూడండి, 13.8 నుంచి 14.4 మధ్య వస్తే ఛార్జింగ్ వస్తున్నట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కింద పడితే బ్యాటరీ మీదే అనుమానం పెట్టుకోవాలి. టెర్మినల్స్ మీద తెల్లగా పచ్చగా పేరుకుందేమో చూసి వేడినీళ్లు, వంటసోడాతో కడగండి. తీసేటప్పుడు నెగటివ్ ముందు, పెట్టేటప్పుడు నెగటివ్ ఆఖర్న.

ఓరుగల్లు_తమ్ముడు:
అన్నా నాకు గిట్లనే అయింది. బయట స్టీరియో పెట్టించిన, ఆయన ఎప్పుడూ కరెంటుండే మెమరీ వైరు, కీ తిప్పితేనే కరెంటొచ్చే కీ వైరు రెండూ కలిపి డైరెక్ట్ బ్యాటరీకి ఇచ్చిండు. స్క్రీన్ బంద్ అయితది కానీ లోపల సెట్టు మాత్రం నడుస్తనే ఉంటది. రెండు బ్యాటరీలు మార్చినంక తెలిసింది. నువ్వు ఏమన్నా బయట పెట్టించినవా? కెమెరా, జీపీఎస్, హారన్, ఏదైనా?

ఖమ్మం_హ్యాచ్‌బ్యాక్:
బయటిదేమీ లేదు తమ్ముడూ, అన్నీ కంపెనీ ఫిటింగే. గుంటూరు గారూ, మీటర్ తెచ్చా. ఫుల్ ఛార్జ్ చేయించి పెడితే 12.6 ఉంది, మర్నాడు పొద్దున 12.3. ఇంజిన్ ఆన్‌లో 14.1.

కూకట్‌పల్లి_సెల్లార్:
అయితే లీకేజీ ఉన్నట్టే. ఆంపియర్లు కొలవాలి, కానీ జాగ్రత్త, నేను మొదటిసారి తొందరపడి మీటర్ ఫ్యూజ్ కాల్చేసుకున్నా. ఎర్ర ప్రోబ్‌ని 10 ఆంప్స్ సాకెట్‌లో పెట్టాలి. నెగటివ్ క్లాంప్ ఊడదీసి ఆ క్లాంప్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్యలో మీటర్ పెట్టాలి. మీటర్ ఉండగా కీ తిప్పొద్దు. బానెట్ లాక్‌ని, డోర్ లాక్‌ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసినట్టు చేసి పెట్టుకోండి, లేదంటే కారు నిద్రపోదు, లోపలి ఎలక్ట్రానిక్స్ నడుస్తూనే ఉంటాయి. అరగంట పైనే ఆగి అప్పుడు చూడాలి, మొదట్లో పెద్ద నంబరే చూపిస్తుంది. 50 మిల్లీ ఆంప్స్, అంటే 0.05 ఆంపియర్ లోపు అయితే మామూలే. ఇంకోటి, బటన్ స్టార్ట్ అయితే కీ దూరంగా పెట్టండి, మా ఇంట్లో కీ గోడకి వేలాడదీస్తే గోడవతల ఉన్న కారు ఊరికే మేల్కొంటుండేది.

ఖమ్మం_హ్యాచ్‌బ్యాక్:
మాది మామూలు తాళమే. 40 నిమిషాలు ఆగి చూశా, 0.62 ఆంపియర్! బానెట్ కింద, డ్యాష్‌బోర్డ్ కింద ఉన్న ఫ్యూజులు ఒక్కోటీ పీకి చూశా, డిక్కీ లైటు, గ్లవ్‌బాక్స్ లైటు బల్బులు కూడా తీసేశా, కొద్దిగా కదిలిందంతే, 0.6 దిగట్లేదు. సాయంత్రం నుంచి దీని మీదే కూర్చున్నా, ఇంక ఏం చేయాలో తోచట్లేదు.

విశాఖ_ఆటో_ఎలక్ట్రికల్:
20 ఏళ్లుగా ఇదే పని అండి. 0.62 అంటే రోజుకి 15 ఏహెచ్, రెండు రోజులకి 30. మీది 35 ది, ఇంకేం మిగులుతుంది. ఫ్యూజులన్నీ పీకినా తగ్గలేదంటే అది ఆ ఫ్యూజుల దారిలో లేదు, బ్యాటరీ నుంచి నేరుగా వెళ్లే లావు వైర్లలో ఉంది. అవి ముఖ్యంగా సెల్ఫ్ మోటరుకి, ఆల్టర్నేటర్‌కి (మీ మెకానిక్ డైనమో అన్నది దీన్నే) వెళ్తాయి. ఆల్టర్నేటర్‌లో కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ లీకైతే ఛార్జింగ్ 14.1 వస్తూనే ఉంటుంది, అందుకే మీ మెకానిక్ బాగుందన్నాడు, ఆయన తప్పు కాదు. ఆపిన కారులో అదే డయోడ్‌లోంచి కరెంటు వెనక్కి పోతుంది. రాత్రి ఆపి పొద్దున ఆల్టర్నేటర్ మీద చెయ్యి పెట్టి చూడండి, చుట్టూ ఇనుమంతా చల్లగా ఉండి అదొక్కటే గోరువెచ్చగా ఉందంటే దాదాపు అదే. ఇంజిన్ ఆన్‌లో ఉండగా మీటర్ ఏసీ వోల్టుల్లో పెట్టి బ్యాటరీ మీద చూసినా తెలుస్తుంది, అర వోల్టు దాటకూడదు. చవక మీటర్లు కొన్ని ఇక్కడ తప్పు చూపిస్తాయి కాబట్టి దాన్నే నమ్ముకోవద్దు. అసలు పరీక్ష ఏంటంటే బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఆల్టర్నేటర్ వెనకాల నట్టుతో బిగించిన లావు వైరు ఊడదీసి, టేపు చుట్టి, మళ్లీ మీటర్ పెట్టడం. నెగటివ్ తీయకుండా ఆ నట్టు ముట్టుకోవద్దు, దాంట్లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. ఒక మాట అడుగుతా, ఎప్పుడైనా వేరే బండి బ్యాటరీతో స్టార్ట్ చేస్తూ జంపర్ కేబుల్స్ తిరగేసి పెట్టారా? అలా చేస్తే డయోడ్లు దెబ్బతింటాయి.

ఖమ్మం_హ్యాచ్‌బ్యాక్:
సార్ మీరు అడిగాకే గుర్తొచ్చింది! పోయిన వేసవిలో రోడ్డు మీద ఆగిపోతే ఎవరో సాయం చేస్తూ ప్లస్ మైనస్ మార్చి పెట్టారు, నిప్పులొచ్చి వెంటనే తీసేశారు, మెయిన్ ఫ్యూజ్ పోతే వేయించుకుని మర్చిపోయాం. పాత బ్యాటరీకి జబ్బు మొదలైంది ఆ తర్వాతే. పొద్దున చెయ్యి పెట్టి చూశా, నిజంగానే వెచ్చగా ఉంది. లావు వైరు తీసి కొలిస్తే 0.03 ఆంపియరే.

గుంటూరు_డీజిల్:
అబ్బ, దొరికింది. విశాఖ గారికి దండం.

విశాఖ_ఆటో_ఎలక్ట్రికల్:
ఆల్టర్నేటర్ మొత్తం మార్చక్కర్లేదండి, డయోడ్ ప్లేటు ఒక్కటీ మార్పించండి, బేరింగులు, బ్రష్షులు ఎలాగూ విప్పుతారు కాబట్టి అప్పుడే చూపించండి. బ్యాటరీని మాత్రం షాపులో స్లో ఛార్జింగ్ పెట్టించండి, ఇన్నిసార్లు ఖాళీ అయింది కాబట్టి లోపల ప్లేట్ల మీద సల్ఫేట్ గడ్డకట్టి ఉంటుంది, పూర్తి ఆయుష్షు రాకపోవచ్చు.

ఖమ్మం_హ్యాచ్‌బ్యాక్:
మార్పించాను సార్. శుక్రవారం సాయంత్రం ఆపాను, సోమవారం తెల్లారి 4:40కి కొలిస్తే 12.5. మొదటి సెల్ఫ్‌కే అందుకుంది, అమ్మ టైముకి బెడ్ మీద ఉంది.