మినుముల మీద తెల్ల చుక్కలు, బొక్కలు ఇంకా లేవు. ఇప్పుడేం చేయాలి?

మాగాణి_మినుము:
వరి మాగాణి మినుములు, క్వింటా. ఎనభై కిలోలు తిండికి, ఇరవై విత్తనానికి. గోనె సంచుల్లో పోసి మధ్యమధ్య ఎండు వేపాకు వేశాం. గింజల మీద సూదిమొనంత తెల్ల చుక్కలు కనబడుతున్నాయి. ఓసారి ఎండబోసి ఎత్తితే చాలా? నూనె పట్టించమని కొందరు, బోరిక్ పౌడర్ కలపమని కొందరు అంటున్నారు.

అపరాల_గాదె:
అవి పుచ్చు పురుగు గుడ్లండీ. భూతద్దంతో చూడండి. అప్పుడే పెట్టిన గుడ్డు నీటిబొట్టులా పారదర్శకంగా ఉంటుంది. పాలలా తెల్లబడిందంటే పిల్లపురుగు గుడ్డు అడుగు నుంచే గింజలోకి తొలుచుకుపోయింది, ఆ గుడ్డు పొట్టు నిండా దాని నుసే. ఈ ఎండల్లో గుడ్డు నుంచి పెంకు పురుగు దాకా పాతిక, ముప్పై రోజులు. గుండ్రటి బొక్క చివర్న గాని పడదు. ఒక్కో ఆడపురుగు డెబ్భై, ఎనభై గుడ్లు పెడుతుంది కాబట్టి రెండో తరానికి బస్తా పోయినట్టే.

ఉత్తినే ఎండబోస్తే పెద్ద పురుగులు లేచిపోతాయి, లోపలిది చావదు. గింజ అరవై డిగ్రీలకు చేరి గంటసేపు అలా ఉండాలి. కింద వరిగడ్డి పరిచి దాని మీద నల్ల బరకం, దాని మీద మినుములు పలచగా, అరంగుళం మించకుండా పోయండి. పైన పారదర్శకమైన పాలిథిన్ కప్పి, నాలుగు అంచులూ మడిచి ఇటుకలు పెట్టండి. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పున్న బరకానికి యాభై కిలోలు పడతాయి. మిట్ట మధ్యాహ్నం రెండు మూడు గంటలుంచాలి. అంచు దగ్గర గాలాడితే అక్కడి పురుగు బతుకుతుంది, అందరూ తప్పేది అక్కడే. సాయంత్రం గింజ పూర్తిగా చల్లారాకే సంచికెత్తండి. వేడి మీద కడితే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది.

వేపాకు మీద ఆశ పెట్టుకోకండి. కొత్త పురుగును కొంత ఆపుతుందేమో గాని గింజలో ఉన్నదాన్ని ఏమీ చేయదు.

విత్తన_పెట్టె:
పై పద్ధతి సరిగా ఆరిన విత్తనానికీ పనికొస్తుంది, కానీ తర్వాత వంద గింజలు తడిగుడ్డలో చుట్టి మొలక శాతం చూసుకోండి. విత్తనానికి నా ఓటు మాత్రం గాలి చొరని సంచికే. పిక్స్ సంచి అని దొరుకుతుంది: లోపల రెండు మందపాటి పాలిథిన్ సంచులు, పైన నేసిన సంచి. పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు ఆఫ్రికాలో అలసందల కోసం తయారు చేసిన పద్ధతి ఇది. పురుగే లోపలి ఆక్సిజన్ పీల్చేసుకుని, తిండి మానేసి, ఒంట్లో నీరు చాలక చస్తుంది. అంచు దాకా నింపి, గాలి పిండేసి, ఒక్కో పొరనూ మెలిపెట్టి విడిగా కట్టండి. రెండు నెలలు విప్పొద్దు. వారానికోసారి విప్పి చూసేవాళ్లకి ఇది దండగ.

తేమ తొమ్మిది, పది శాతానికి దిగాకే కట్టాలి. పంటి కింద టక్కున విరగాలి. సీసాలో పొడి ఉప్పు కలిపి ఊపి చూసే పరీక్ష సుమారు పదిహేను శాతం పైన ఉంటేనే పట్టిస్తుంది, అపరాలకు అది చాలదు.

గానుగ_నూనె:
నూనె పనిచేస్తుంది, కానీ వేడి పట్టించాక. గుడ్డుకు గాలి ఆడకుండా చేయడమే దాని పని, లోపలి పురుగు జోలికి పోదు. కిలోకు 5 మి.లీ. లెక్కన ఎనభై కిలోలకు 400 మి.లీ. ఆముదం గాని వేరుశనగ నూనె గాని. ఐదేసి కిలోలు పళ్లెంలో పోసి, ప్రతి గింజా మెరిసేదాకా చేత్తో రుద్దాలి. వేరుశనగ నూనె కొన్ని నెలలకు కమటు వాసన కొడుతుంది, కందిపప్పుకు ఆముదం రాసేది ఊరికే కాదు. డబ్బాలో పోస్తే పైన మూడు అంగుళాలు పొడి ఇసుక కప్పండి.

బోరిక్ పౌడర్ తినే గింజల్లో కలపకూడదు, కడిగినా పూర్తిగా పోతుందన్న నమ్మకం లేదు. సెల్ఫాస్ బిళ్లలు (విషవాయువు వదిలే అల్యూమినియం ఫాస్ఫైడ్) ఇంట్లో అసలే వద్దు, ఆ గ్యాస్ పక్క గదిలో పడుకున్నవాళ్లనీ చంపుతుంది.

మాగాణి_మినుము:
పాత గోనె సంచులే వాడొచ్చా? ముందు ముందు బొక్క పడినవి కనబడితే ఏరి పప్పు చేయించనా?

అపరాల_గాదె:
పాత సంచుల కుట్లలో పురుగు దాక్కుంటుంది. తిరగేసి దులిపి, మరిగే నీళ్లలో ముంచి ఎండబెట్టండి. బొక్క పడినవి నీళ్లలో తేలతాయి, కానీ బస్తా మొత్తాన్ని తడపకండి, వాడుకునేటప్పుడు కడిగే నీళ్లలో తీసేస్తే సరి. విత్తనానికి వాటిని చేత్తో ఏరేయండి. బొక్కలు లేని తిండి మినుములు మాత్రం ఇప్పుడే పప్పు చేయించడం మేలు, పుచ్చు పురుగుకు బద్దకన్నా గుండు గింజే ఇష్టం. పిండి పురుగులు బద్దలకూ వస్తాయి గనక మూత బిగుతుగా ఉండాలి.