ప్రైవేట్ ఫౌండేషన్ మూసి డోనర్ అడ్వైజ్డ్ ఫండ్‌కి మారాలంటే ఏది ముందు, ఏది తర్వాత?

కొత్త_ట్రస్టీ:
కాలిఫోర్నియాలో నాన్‌ప్రాఫిట్ కార్పొరేషన్‌గా నమోదైన కుటుంబ ఫౌండేషన్ ఇది. ఆస్తి సుమారు 32 లక్షల డాలర్లు. ఎక్కువ భాగం లిస్టెడ్ షేర్లే, వాటిలో ఇంకా అమ్మని లాభం 20 లక్షల దాకా ఉంది. ఒక ప్రైవేట్ పార్ట్‌నర్‌షిప్‌లో చిన్న వాటా కూడా ఉంది. ఒక ఆసుపత్రికి రాతపూర్వకంగా ఒప్పుకున్న విరాళంలో రెండు వాయిదాలు మిగిలాయి. ఏటా ఆరుగురు విద్యార్థులకు నేరుగా స్కాలర్‌షిప్ ఇస్తోంది. 990-పీఎఫ్ (ఫౌండేషన్ ఏటా వేయాల్సిన పన్ను రిటర్న్), ఏటా ఆస్తిలో 5 శాతం పంచాలన్న నియమం లెక్కలు చూసే మనిషి లేక మొత్తం డాఫ్‌లోకి, అంటే డోనర్ అడ్వైజ్డ్ ఫండ్‌లోకి మార్చేద్దామని బోర్డు అనుకుంటోంది. అందులో డబ్బు ఒక చారిటీ దగ్గర ఉంటుంది, ఎవరికి ఇవ్వాలో మనం సలహా ఇస్తాం. అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ అనుమతి ముందే కావాలా? షేర్లు అమ్మి నగదు పంపాలా? దాతలకు మళ్ళీ పన్ను మినహాయింపు వస్తుందా?

లెక్కలపుస్తకం:
మినహాయింపు రాదండీ. ఫౌండేషన్‌కి ఇచ్చిన రోజే దాత దాన్ని వాడుకున్నాడు. ఇప్పుడు జరిగేది ఒక చారిటీ నుంచి ఇంకో చారిటీకి బదిలీ మాత్రమే.

షేర్లు అమ్మకండి. ఫౌండేషన్ అమ్మితే నికర పెట్టుబడి ఆదాయం మీద 1.39 శాతం ఎక్సైజ్ టాక్స్ పడుతుంది. 20 లక్షల లాభం మీద అది 27,800 డాలర్లు. షేర్లు షేర్లుగానే స్పాన్సర్ (డాఫ్‌ను నడిపే సంస్థ) ఖాతాకి పంపి, అక్కడ అమ్మిస్తే ఆ పన్ను ఉండదు, ఎందుకంటే స్పాన్సర్ పబ్లిక్ చారిటీ, ప్రైవేట్ ఫౌండేషన్ కాదు. బ్రోకర్‌కి ముందుగా "అమ్మి నగదు పంపండి" అని చెప్పేయడమే ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు.

పార్ట్‌నర్‌షిప్ వాటా సంగతి వేరు. దాన్ని నడిపే జనరల్ పార్ట్‌నర్ సమ్మతి కావాలి, స్పాన్సర్ కూడా తీసుకోవడానికి ఒప్పుకోవాలి. ఈ రెండూ రాతలో చేతికొచ్చే దాకా మిగతా ఆస్తి కదపకండి. ఆ ఒక్క వాటా ఫౌండేషన్‌లో ఇరుక్కుపోయి డిసెంబర్ 31 దాటితే, దాని కోసం మరో ఏడాది 990-పీఎఫ్ వేయాల్సి వస్తుంది.

నిబంధన507:
ఐఆర్ఎస్ ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఫెడరల్ పన్ను చట్టం సెక్షన్ 507(బి)(1)(ఎ) కింద వెళ్ళండి: నికర ఆస్తి మొత్తాన్ని, హక్కులతో సహా, బదిలీ నాటికి వరుసగా కనీసం 60 నెలలుగా ఆ హోదాలో ఉన్న పబ్లిక్ చారిటీకి ఇచ్చేస్తే ఫౌండేషన్ హోదా పన్ను లేకుండా ముగుస్తుంది. ఫిడెలిటీ చారిటబుల్, వాన్‌గార్డ్ చారిటబుల్, పాత కమ్యూనిటీ ఫౌండేషన్ల వంటి స్పాన్సర్ల విషయంలో ఈ 60 నెలలు ఇబ్బంది కాదు. కొత్తగా పెట్టిన స్పాన్సర్ అయితే డిటర్మినేషన్ లెటర్ (చారిటీ హోదాను గుర్తిస్తూ ఐఆర్ఎస్ ఇచ్చే ఉత్తరం) తేదీ చూడండి.

దీన్ని 507(ఎ)(1)తో కలపకండి. అది ఐఆర్ఎస్‌కి నోటీసు పంపి హోదా వదులుకునే దారి. ఖాతాలో ఆస్తి ఉండగానే ఆ నోటీసు పంపితే 507(సి) పన్ను మీద పడుతుంది, అది మొత్తం నికర ఆస్తి దాకా పోవచ్చు. "ముందుగా ఒక లెటర్ పంపేద్దాం" అనే మంచి ఉద్దేశమే ఈ ప్రమాదం తెస్తుంది.

ఇక రాష్ట్రం. కాలిఫోర్నియాలో ఆస్తి మొత్తం బదిలీ చేసేముందు రాష్ట్ర ప్రధాన న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్‌కి కనీసం 20 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రద్దుకి వాళ్ళ నుంచి "అభ్యంతరం లేదు" అనే రాతపూర్వక వేవర్ తీసుకోవాలి. కాబట్టి బోర్డు తీర్మానం, స్పాన్సర్ అంగీకారం, అటార్నీ జనరల్, ఆ తర్వాతే బదిలీ. రద్దు పత్రాలు సంస్థల నమోదు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కి చివర్లో. న్యూయార్క్‌లో అయితే రద్దు ప్రణాళికకే అటార్నీ జనరల్ లేదా కోర్టు ఆమోదం కావాలి.

ఎవరైనా దాత "ఫలానా పనికే" అని షరతు పెట్టి ఇచ్చిన సొమ్ము ఉందా? ఉంటే ఆ షరతు డాఫ్‌లోకి కూడా వెంట వస్తుంది. పాత గిఫ్ట్ లెటర్లు ఒక్కొక్కటీ తీసి చదవండి, ఇది తప్పించుకోలేని పని.

గ్రాంట్_డెస్క్:
ఆసుపత్రి బాకీ ఫౌండేషన్‌ది. రద్దుకి ముందే రెండు వాయిదాలూ కలిపి కట్టేసి రసీదు ఫైల్లో పెట్టండి.

స్కాలర్‌షిప్ దగ్గర మీ బోర్డు ఆగి ఆలోచించాలి. డాఫ్ నుంచి వ్యక్తులకు నేరుగా గ్రాంట్ కుదరదు. ఇస్తే సెక్షన్ 4966 కింద స్పాన్సర్ మీద 20 శాతం పన్ను, కాబట్టి వాళ్ళు ఒప్పుకోరు. మిగిలిన దారులు రెండు. కాలేజీకి గ్రాంట్ ఇచ్చి, విద్యార్థుల ఎంపిక కాలేజీకే వదిలేయడం ఒకటి. స్పాన్సర్ దగ్గర విడిగా స్కాలర్‌షిప్ ఫండ్ పెట్టించడం రెండోది. అందులో ఎంపిక కమిటీని స్పాన్సరే నియమిస్తుంది, మీ కుటుంబానికి దాని మీద పట్టు ఉండకూడదు. ఆ ఆరుగురిని మీరే ఎంచుకోవడం మీకు ముఖ్యమైతే, నా సలహా ఫౌండేషన్ మూయొద్దనే.

కుటుంబంలో ఎవరికైనా జీతం, ప్రయాణ ఖర్చులు వెళ్తున్నాయా? డాఫ్ నుంచి సలహాదారుకి, ఆయన కుటుంబానికి ఒక్క డాలరు కూడా వెళ్ళకూడదు. వెళ్తే ఆ మొత్తమంతా అక్రమ ప్రయోజనమే, పుచ్చుకున్నవాళ్ళ మీద 25 శాతం పన్ను. విరాళాల కోసం పెట్టే విందు టికెట్టులో విరాళం భాగం డాఫ్ నుంచి, భోజనం భాగం జేబులోంచి అని విడగొట్టడాన్ని కూడా ఐఆర్ఎస్ తన 2017-73 నోటీసులో కాదంది.

కొత్త_ట్రస్టీ:
చాలా స్పష్టంగా చెప్పారండీ, ధన్యవాదాలు. స్కాలర్‌షిప్ విషయం బోర్డు ముందు పెడతాను. సీపీఏ (అకౌంటెంట్), లాయర్ ఫీజుల కోసం కొంత ఆపుకోవచ్చా? ఆఖరి రిటర్న్ ఎప్పటికి వేయాలి?

లెక్కలపుస్తకం:
ఆపుకోవచ్చు, ఆపుకోవాలి కూడా. ముగింపు ఖర్చులకు, చివరి ఎక్సైజ్ టాక్స్‌కి సరిపడా ఉంచి, మిగిలింది రెండో విడతగా అదే డాఫ్‌కి పంపండి. రెండో విడత వెళ్తుందని తీర్మానంలోనే రాయించండి. బ్రోకరేజ్ ఖాతా వెంటనే మూయకండి, బదిలీ తర్వాత కూడా డివిడెండ్లు వచ్చి పడుతుంటాయి.

ఆస్తి పూర్తిగా ఖాళీ అయిన తేదీ నుంచి అయిదో నెల 15 లోపు ఆఖరి 990-పీఎఫ్ వేయాలి. సెప్టెంబర్ 30న ఖాళీ అయితే ఫిబ్రవరి 15, మే 15 కాదు. "ఫైనల్ రిటర్న్" గడి టిక్ చేయండి. లిక్విడేషన్ జరిగిందా అన్న ప్రశ్నకి "అవును" పెట్టి, తీర్మానం సర్టిఫైడ్ కాపీ, ఏ ఆస్తి ఏ తేదీన ఎంత విలువకి ఎవరికి వెళ్ళిందో చూపే పట్టిక జతచేయండి. మీకు సలహా హక్కు ఉన్న డాఫ్‌కి పంపారా అని విడిగా ఇంకో ప్రశ్న ఉంటుంది. దానికీ వివరణ జతచేయాలి, చాలామంది అది ఖాళీగా వదిలేస్తారు.

నిబంధన507:
ఒక్కటి చేరుస్తాను. బదిలీ అయ్యాక ఆ డబ్బు చట్టప్రకారం స్పాన్సర్‌ది, మీది సలహా మాత్రమే. వెనక్కి తెచ్చుకోవడం కుదరదు. అందుకే సంతకానికి ముందే స్పాన్సర్ పాలసీలో మూడు చూడండి: తర్వాతి తరం సలహాదారులను ఎంతమంది దాకా పెట్టుకోవచ్చు, ఎన్నేళ్ళు గ్రాంట్ చెయ్యకపోతే ఫండ్ ఏమవుతుంది, విదేశీ సంస్థలకు గ్రాంట్ ఇస్తారా లేదా.