క్లోమం క్యాన్సర్ నొప్పి: నరాల బ్లాక్ ఇప్పుడే చేయించాలా, మార్ఫిన్ వాడి చూశాకనా?

మర్రిగూడ పోరడు
మా బాపుకు క్లోమంలో క్యాన్సర్. గడ్డ పెద్ద రక్తనాళాలను చుట్టుకుంది, ఆపరేషన్ కుదరదన్నారు. నడుము నొప్పంటే మా దిక్కు అందరూ ఫ్లోరైడ్ నీళ్లనే అంటారు, అట్లనే నెలలు గడిచాయి. వెల్లకిలా పడుకోలేడు. ఒళ్లో దిండు పెట్టుకొని ముందుకు వంగితేనే కాస్త నిమ్మళం. హైదరాబాద్‌లో ఒక డాక్టర్ కడుపు వెనక నరాల గుత్తికి ఇప్పుడే ఆల్కహాల్ ఇంజెక్షన్ ఇద్దామన్నారు, దాన్నే నరాల బ్లాక్ అంటరట. ఇంకొకరు ముందు మార్ఫిన్ మాత్రలు అన్నారు. ఎవరి మాట వినాలె?

దేవరకొండ అన్న
ఇప్పుడే చేయించు తమ్మీ. ఈ క్యాన్సర్ నరం తొడుగు వెంబడి పాకుతుంది, కాల్వ గట్టు వెంబడి తుంగ పాకినట్టు. నరాలు పెరగడానికి కావాల్సిన ప్రొటీన్లను క్యాన్సర్ కణాలే వదులుతాయి. నరాలు కొత్త కొమ్మలు వేసి, గడ్డకు తిరిగి సంకేతాలిస్తాయి. ఆ నరాన్నే చంపితే నొప్పీ పోతది, గడ్డా నెమ్మదిస్తది. 1993లో అమెరికాలో ఆపరేషన్ టైంలోనే ఆల్కహాల్ ఎక్కించి చూశారు. అప్పటికే నొప్పి ఉన్నవాళ్లు ఎక్కువ కాలం బతికారు.

పాలమూరు స్టాఫ్‌నర్స్
నరాల సంగతి నిజమే అన్నా. ఆయుష్షు దగ్గరే పేచీ. 2004లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి వాళ్లు ఈ బ్లాక్‌ను 100 మంది మీద చూస్తే నొప్పి తగ్గింది, ఆయుష్షు పెరగలేదు. మార్ఫిన్ లాంటి మందుల వాడకం కూడా తగ్గలేదు.

చుట్టూ ఉన్నదాన్ని చంపితే గడ్డ చస్తుందనే లెక్క ఈ జబ్బులో ఇదివరకే తప్పింది. గడ్డలో చాలా భాగం క్యాన్సర్ కణాలు కావు, గట్టిపడ్డ పీచు. అది రక్తనాళాలను నొక్కేసి కీమో మందును లోపలికి పోనివ్వదు. ఎలుకల్లో ఆ పీచును తగ్గిస్తే మందు బాగా చేరింది. అదే తరహా మందు మనుషుల్లో వాడితే పేషెంట్ల పరిస్థితి ఇంకా దిగజారింది, 2012లో ట్రయల్ ఆపేశారు. 2014లో ఎలుకల్లోనే పీచు కణాలను తీసేసి చూస్తే క్యాన్సర్ మరింత రెచ్చిపోయింది. అందుకే బ్లాక్‌ను నొప్పి మందుగా చూడండి, క్యాన్సర్ మందుగా కాదు.

దేవరకొండ అన్న
సరే, ఆయుష్షు మాట పక్కన పెడతా. మరి 2011లో కెనడా వాళ్లు జబ్బు తేలగానే ఎండోస్కోపీతో బ్లాక్ చేస్తే, 3 నెలల తర్వాత నొప్పి తక్కువుంది కదా? ఆలస్యమైతే గడ్డ పెరిగి మందు నరాల చుట్టూ సరిగ్గా పరుచుకోదు. ఇంకెప్పుడు చేస్తారు?

పాలమూరు స్టాఫ్‌నర్స్
దానికి నేను అడ్డం చెప్పను. మార్ఫిన్‌తో మలబద్ధకం, మత్తు ఎక్కువైతే నేనూ బ్లాకే అంటా.

నల్లగొండ టౌన్
మార్ఫిన్ మొదలుపెడితే ఇక ఆఖరే అంటారు కదా?

పాలమూరు స్టాఫ్‌నర్స్
ఈ మాటతోనే ఎంతోమంది నొప్పి భరిస్తూ కూర్చుంటున్నారు. డాక్టర్ చెప్పిన డోసులో, టైం ప్రకారం వేసుకుంటే ప్రాణం తీసే మందు కాదది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ విభాగం ఉంది, అక్కడ అడగండి.

మర్రిగూడ తమ్ముడూ, బ్లాక్‌కే ఒప్పుకుంటే బాపు రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పు. తర్వాత కొన్నాళ్లు విరేచనాలు కావచ్చు, లేవగానే బీపీ పడిపోవచ్చు. కాళ్లు చచ్చుబడటం చాలా అరుదు, కానీ సంతకం పెట్టేముందు ఆ మాట కూడా అడుగు. బ్లాక్ అయ్యాక మార్ఫిన్ మాత్రలు ఒక్కసారే ఆపొద్దు.

మర్రిగూడ పోరడు
రేపటి నుంచి మాత్రలు మొదలుపెడుతున్నం అక్కా. బ్లాక్‌కు కూడా డేట్ అడిగిన.