కవితా లఘుచిత్రంలో కవిత వినబడాలా, వద్దా?

ముంపుటూరు:
శ్రీశైలం జలాశయంలో మునిగిపోయిన మా నానమ్మ ఊరి మీద ఒక లఘుచిత్రం తీస్తున్నాను. 1981లో ఊళ్లు ఖాళీ చేయించే నాటికి మా నాన్న బడికి వెళ్లే పిల్లవాడు. ఆ ఊరి ఫొటో ఒక్కటి కూడా మా దగ్గర లేదు. ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది కదా, మా ఊరి ఇళ్ల పునాదులు, ఒక బావి ఒర కూడా అలాగే తేలతాయి. చూపించడానికి ఉన్నవి అవే. నేను రాసిన దీర్ఘకవిత ఒకటి ఉంది. దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివించమని ఒక మిత్రుడు, ఒక్క పాదం కూడా వినిపించవద్దని మరొకరు పట్టుబడుతున్నారు. ఎడిటింగుకు కూర్చునేలోగా తేల్చుకోవాలి. మీరేమంటారు?

పాతరీలు:
రెండో మిత్రుడి మాట వినండి. కవితలో ‘వేపచెట్టు’ అన్న మాట దగ్గర ఎవరి వేపచెట్టు వాళ్లకు కనబడుతుంది. మీరు తెర మీద ఒక చెట్టు చూపించారంటే మిగిలిన చెట్లన్నీ నరికేసినట్టే. మన భాషలో వస్తున్న కవితా వీడియోలు చూడండి. ‘వాన’ అనగానే వాన. ‘ఒంటరితనం’ అనగానే సముద్రం వైపు తిరిగి నిలబడ్డ మనిషి. వెనక వేణువు. కవితకూ మేలు లేదు, సినిమాకూ మేలు లేదు.

అమెరికాలో ప్రయోగాత్మక చిత్రాలు తీసిన మాయా డెరెన్ 1943లో అలెగ్జాండర్ హమీద్‌తో కలిసి తీసిన ‘మెషెస్ ఆఫ్ ది ఆఫ్టర్‌నూన్’ మాటల్లేని చిత్రం. సంగీతం కూడా 1959లో చేర్చిందే. ఒక తాళంచెవి, రొట్టె కోసే కత్తి, మెట్లు, మొహం ఉండాల్సిన చోట అద్దం ఉన్న నల్లముసుగు మనిషి. ఇవే తిరిగి తిరిగి వస్తాయి, వచ్చిన ప్రతిసారీ అర్థం మార్చుకుంటాయి. పాటలో పల్లవి చేసే పని అది. అక్కడ మాటకు చోటెక్కడుంది?

రెండోగొంతు:
పాతరీలు గారూ, డెరెన్ సాక్ష్యం మీకు పూర్తిగా అనుకూలం కాదు. 1953 అక్టోబరులో న్యూయార్కులోని ‘సినిమా 16’ అనే ఫిల్మ్ సొసైటీ సరిగ్గా ఈ విషయం మీదే చర్చ పెట్టింది. వేదిక మీద డెరెన్‌తో పాటు నాటకకర్త ఆర్థర్ మిల్లర్, కవి డిలన్ థామస్ కూడా ఉన్నారు. కథ ఒక సంఘటన నుంచి మరో సంఘటనకు అడ్డంగా సాగుతుందని, కవిత ఒకే క్షణంలోకి నిలువుగా దిగుతుందని ఆమె చెప్పింది. థామస్ ఆ మాటను వేళాకోళం చేసి సభను నవ్వించాడు. నాకు ఆమె మాటే ఇప్పటికీ పనికొస్తోంది. అదే సభలో ఆమె ఇంకోటి కూడా చెప్పింది: కనబడుతున్నదానినే మళ్లీ పలికే మాటలు అనవసరం, కానీ మాట మరో తలం నుంచి వచ్చి బొమ్మను తాకితే కొత్తదేదో పుడుతుంది అని. మన తగవంతా ఈ తేడా దగ్గరే ఉంది.

ఇరాన్ కవయిత్రి ఫరూగ్ ఫరోఖ్‌జాద్ 1962లో తీసిన ‘ఇల్లు నల్లన’ (ఫార్సీలో ‘ఖానే సియాహ్ అస్త్’) చూసి ఉంటే మీరు మాటను ఇంత తేలిగ్గా తోసేయరు. తబ్రీజ్ దగ్గర బాబా బాగీ అనే కుష్ఠురోగుల ఆవాసంలో తీసిన ఇరవై నిమిషాల చిత్రం. అందులో రెండు గొంతులు ఉంటాయి. నిర్మాత ఇబ్రాహీం గోలెస్తాన్ గొంతు వ్యాధి గురించి చెబుతుంది, వైద్యం చేస్తే నయమవుతుందని చెబుతుంది. ఫరోఖ్‌జాద్ గొంతు బైబిలు పాత నిబంధన వాక్యాల్లోంచి, ఖురాన్‌లోంచి, తన కవితల్లోంచి మాట్లాడుతుంది. ఒకచోట ఒక రోగి గోడను చేత్తో తాకుతూ అటూ ఇటూ నడుస్తుంటాడు. ఆమె వారాల పేర్లు చదువుతుంది. శనివారం, ఆదివారం, సోమవారం... అంతే. ఉపమ లేదు, విశేషణం లేదు. ఆ మనిషి నడకను కెమెరా చూపిస్తోంది. ఆ నడక ఎన్నేళ్లుగా సాగుతోందో కెమెరా చూపించలేదు. ఆ పని మాట చేసింది.

కాబట్టి ముంపుటూరు గారూ, మీ కవితలో నీళ్లు, బురద, పునాదులు ఉన్న పాదాలన్నీ తీసేయండి. అవి తెర మీద ఉన్నాయి. తెర మీద లేనివే మిగల్చండి.

పాతరీలు:
ఆ చిత్రం చూశాను, చాలా ఇష్టం కూడా. ఆ గోడ దృశ్యాన్ని శబ్దం తీసేసి చూడండి, అప్పటికీ నిలుస్తుంది. తరగతి గదిలో పంతులు అందవిహీనమైన వాటి పేర్లు చెప్పమంటే పిల్లవాడు ‘చెయ్యి, కాలు, తల’ అంటాడు. తోటి పిల్లలు నవ్వుతారు. ఆ ఘట్టంలో కవయిత్రి నోరు మెదపలేదు. నన్ను ఎక్కువగా కదిలించింది అదే.

పైగా ఆమె ఫరోఖ్‌జాద్. ఆమెకు సాధ్యమైంది చూసి అందరూ మైకు ముందుకు వస్తే మిగిలేది వేణువే. జ్ఞాపకం విషయంలో ఇది మరీ ప్రమాదం. ఒక ముసలావిడ బావి ఒర మీద చెయ్యి వేస్తే చూసేవాడిలో ఏదో కదులుతుంది. సరిగ్గా అప్పుడే ఒక గంభీరమైన గొంతు వచ్చి, ఏం అనుభవించాలో చెప్పేస్తుంది. అది ప్రేక్షకుడికి అవమానం.

మిక్సింగ్‌గది:
శబ్దం పని చేసేవాణ్ణి, నా వైపు నుంచి రెండు మాటలు. చాలామంది బొమ్మలన్నీ కోసి పేర్చాక చివర్లో గొంతు రికార్డు చేస్తారు. అప్పుడు చదివేవాళ్లు పాదం చివర ఊపిరి తీసుకోవాల్సిన చోట షాట్ మారిపోతుంది. ముందు గొంతు రికార్డు చేయండి, దాన్ని వింటూ కోయండి. పాదం ముగిసిన చోటే షాట్ కోయవద్దు, ఒకటి రెండు చోట్ల తప్ప. రెండూ ప్రతిసారీ ఒకేచోట ఆగితే బడిలో పద్యం అప్పజెప్పినట్టు ఉంటుంది. ముత్యాల సరం లాంటి నడకైతే మూడు, నాలుగు మాత్రల ఊపు ఎలాగూ చెవికి తెలుస్తుంది, కత్తెర దాన్ని మళ్లీ వినిపించనక్కర్లేదు.

బ్రిటన్ తపాలా శాఖ ఫిల్మ్ యూనిట్ 1936లో తీసిన ‘నైట్ మెయిల్’ వినండి. స్కాట్లండ్‌కు ఉత్తరాలు మోసుకెళ్లే రైలు గురించి. ఇంగ్లీషు కవి ఆడెన్ దానికోసం రాసిన కవిత చివరి కొద్ది నిమిషాల్లోనే వస్తుంది. అంతవరకూ చక్రాల చప్పుడు, సంచులు, పనివాళ్ల మాటలు. కవిత మొదలయ్యే సరికి మన చెవి రైలుకు అలవాటు పడి ఉంటుంది. ఆ లయనే కవిత అందుకుని వేగం పెంచుతూ పోతుంది. ఎంత సేపు చదివించాలన్నది ఒక ప్రశ్న అయితే, ఎప్పుడు మొదలుపెట్టాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

రెండోగొంతు:
చివరి మాటతో నాకు పూర్తి ఏకీభావం.

పాతరీలు గారి భయం నాకు అర్థమవుతుంది, వేణువు నాకూ పడదు. కానీ బొమ్మ పక్కన పద్యం నిలబడితే బొమ్మ చిన్నబోతుందన్న మాట ఒప్పుకోను. మన దగ్గర చేర్యాల నకాషీ పటాలు ఉన్నాయి. కాకిపడగలవాళ్ల వంటి కథకులు పొడవాటి పటాన్ని విప్పుతూ, వరసలు వరసలుగా గీసిన బొమ్మలను చూపిస్తూ కులపురాణం పాడతారు. అక్కడ బొమ్మ కదలదు, పాట కదులుతుంది. గీసింది ఒక్క క్షణమే. దాని ముందూ వెనకా జరిగిందంతా, లోపలి ఏడుపుతో సహా, పాటలో ఉంటుంది. తోలుబొమ్మలాటలో రంగనాథ రామాయణం ద్విపద చేసేది కూడా అదే. మాటకూ బొమ్మకూ పని పంచడం మన కథకులకు తరాలుగా తెలుసు. ఇప్పుడు కెమెరా చేతికి రాగానే ఎందుకు మరిచిపోవాలి?

ముంపుటూరు గారిని ఒకటి అడగాలి. మీ నానమ్మగారు ఉన్నారా? ఉంటే, ఆ ఊళ్లో చేలకు పేర్లు ఉండి ఉంటాయి కదా, ఆవిడకు గుర్తున్నాయా?

ముంపుటూరు:
ఉన్నారు. చేల పేర్లే కాదు, ఏ ఇంటి పక్కన ఎవరి ఇల్లో వరస తప్పకుండా చెబుతుంది. నేను రాసుకున్న కవితలో అవేవీ లేవు. అందులో ఎక్కువ భాగం నీళ్ల గురించే.

రెండోగొంతు:
అయితే ఆవిడ చేత చెప్పించండి. బొమ్మలో నీళ్లు, గొంతులో చేల పేర్లు. మీ కవితలోంచి నాలుగైదు పాదాలు మాత్రం, అవి కూడా చివర్లో, మీ గొంతుతోనే. వృత్తి కళాకారుల చేత చదివించవద్దు.

పాతరీలు:
నానమ్మగారి గొంతుకు నా అభ్యంతరం లేదు. ఆ చేల పేర్లు వినాలని నాకూ ఉంది. అది సాక్ష్యం, దాని బలం దానికి ఉంది. ఆ నాలుగు పాదాల దగ్గరే నా పేచీ. ఆవిడ అన్ని పేర్లు చెప్పాక మనవడు వచ్చి కవిత చదవడం ఎందుకు? అవి లేకుండా ఒకసారి, అవి ఉంచి ఒకసారి కోసి, ఆ చిత్రం గురించి ఏమీ తెలియని వాళ్లకు రెండూ చూపించండి.

ముంపుటూరు:
రెండు రకాలుగానూ కోస్తాను. నానమ్మ గొంతు మాత్రం ముందే రికార్డు చేస్తాను. మిక్సింగ్‌గది గారూ, ఇంట్లో ఫ్యాను ఆపితే ఆవిడ ఎక్కువసేపు కూర్చోలేదు, ఆరుబయట అయితే గాలి హోరు. ఏ మైకు వాడమంటారు?

మిక్సింగ్‌గది:
చీరకు పెట్టే చిన్న కాలర్ మైకు చాలు, దానికి బొచ్చు తొడుగు వేయండి. పొద్దున్నే, గాలి లేవక ముందు, ఆరుబయట కూర్చోబెట్టండి. ఆవిడ ఆగినప్పుడు మీరు అందుకుని ప్రశ్న వేయవద్దు. ఆ ఖాళీలు ఎడిటింగులో మీకు కావాలి.