లాటిన్ వద్దన్న లసాల్ బ్రదర్స్ హైస్కూళ్లు ఎలా పెట్టగలిగారు?

ప్రశ్న:
నమస్కారం. మేము సింగపూర్‌లో ఉంటున్నాము. మా అబ్బాయిని సెయింట్ జోసెఫ్స్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేర్పించే ఆలోచనతో, 1852లో ఆ బడిని ప్రారంభించిన దె లసాల్ బ్రదర్స్ (బోధనకు అంకితమైన కతోలిక సన్యాస సభ) చరిత్ర చదువుతున్నాను. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సులో దాని స్థాపకుడు పేదపిల్లల కోసం ఉచిత పాఠశాలలు పెట్టి, బ్రదర్స్ లాటిన్ జోలికి పోరాదని కట్టడి చేశారట. ఆ కాలపు ఐరోపాలో పైచదువులకు లాటినే వాకిలి కదా! అటువంటి సభ ఇన్ని దేశాల్లో ఉన్నత పాఠశాలలు ఎలా స్థాపించింది? వీరు గురుపట్టం (ఫాదర్ అయ్యే దీక్ష) ఎందుకు తీసుకోరు?

జవాబు 1:
రెండు సందేహాలకూ మూలం ఒకటేనండి. సభ స్థాపకుడు పునీత జాన్ బాప్టిస్ట్ దె లసాల్ స్వయంగా గురువు (ఫాదర్). ఫ్రాన్సులోని రాంస్ కతీడ్రల్‌లో (బిషప్ ప్రధాన చర్చిలో) తనకున్న ఆదాయం గల కానన్ అనే గురు పదవిని 1683లో వదులుకొని, వెంటనే వచ్చిన కరువులో ఆస్తిని పేదలకు పంచిపెట్టారు. బ్రదర్ ఆన్రీ లెరోను గురుపట్టానికి సిద్ధం చేస్తుండగా ఆయన 1690లో మరణించడంతో, సభలో గురువులు ఉండకూడదన్నదే దైవసంకల్పమని లసాల్ భావించారు. లాటిన్ చదివినవారు బడి వదిలి గుడికి వెళ్లిపోతారన్న జాగ్రత్త కూడా ఆ కట్టడిలో ఉంది. పిల్లలకు కూడా మొదట లాటిన్‌లో చదవడం నేర్పే పాత పద్ధతిని మాని ఫ్రెంచిలోనే నేర్పించారు. కూలినాలి చేసుకునేవారి పిల్లలు బడిలో ఉండే కొద్ది కాలంలో పనికొచ్చే చదువు అదే. ఉచితంగా రాత నేర్పితే తమ జీవనం పోతుందని పారిస్ రాత పంతుళ్ల సంఘం న్యాయస్థానానికి ఎక్కింది.

జవాబు 2:
పై జవాబుకు కొంత చేర్చాలి. లసాల్ బతికుండగానే ఫ్రాన్సులోని రూవాన్ నగర శివార్లలో ఉన్న సేంట్ యాన్‌లో రుసుము కట్టే పిల్లలకు వసతి పాఠశాల నడిచింది. అక్కడ వ్యాపారానికి అక్కరకొచ్చే గణితం వంటివి నేర్పారు, లాటిన్ నేర్పలేదు. కాబట్టి ఉన్నత విద్య వైపు తొలి అడుగు స్థాపకుడిదే. అసలు చిక్కు అమెరికాలో వచ్చింది. అక్కడ కళాశాలల్లో లాటిన్ తప్పనిసరి కావడంతో బ్రదర్స్ దానిని బోధించసాగారు. సభ పెద్దలు అభ్యంతరపెట్టగా, రోము (పోపు పాలనా కేంద్రం) కూడా పాత నియమాన్నే సమర్థించింది. 1923లో గాని ఆ నిషేధం తొలగలేదు. ఈలోగా 1904లో ఫ్రాన్సు ప్రభుత్వం మఠ సభలు బోధించరాదని చట్టం చేయగా, వేలమంది బ్రదర్స్ విదేశాలకు తరలిపోయారు. నా అభిప్రాయంలో ఈ సభ అంత విస్తృతంగా వ్యాపించడానికి ఆ చట్టం చాలా తోడ్పడింది, అయితే మీ సింగపూర్ బడి అంతకు ముందే ఉంది.

జవాబు 3:
ఒక స్పష్టీకరణ: ఐర్లాండులోని వాటర్‌ఫర్డ్‌లో ఎడ్మండ్ రైస్ స్థాపించిన క్రిస్టియన్ బ్రదర్స్ వేరు. హైదరాబాదులో లిటిల్ ఫ్లవర్, సెయింట్ పాల్స్ పాఠశాలలను నడిపే మాంట్‌ఫోర్ట్ బ్రదర్స్ కూడా వేరే సభవారే. ఇప్పుడు లసాల్ బడుల్లో పాఠాలు చెప్పేవారిలో అత్యధికులు బ్రదర్స్ కారు, సాధారణ ఉపాధ్యాయులే. కాబట్టి ప్రవేశ నియమాలనూ ప్రస్తుత బోధననూ నేరుగా పాఠశాలనే అడిగి తెలుసుకోండి.